పిల్లల హక్కుని రాసిచ్చేసే అధికారం ఎవరికీ లేదు: తగువులు తీర్చే పెద్దమనుషులకి ఒక ఉత్తరం

శ్రీకాకుళం జిల్లాలో ఊరూరా తగువులు తీర్చే పెద్దలందరికీ నమస్కారం.

ఇది ఏ ఒక్క ఊరి పెద్దల మీదో రాసింది కాదు. రామమందిరం అరుగు మీదో, సంఘం షెడ్డులోనో, మాజీ సర్పంచి గారి వరండాలోనో కూర్చుని మొగుడూ పెళ్ళాల తగువు రెండు మూడు దఫాలు విని, ఇంక వీళ్ళు కలిసుండరు అని తేలిపోయాక ఒక స్టాంపు కాగితం రాయించి ఇద్దరి చేతా సంతకాలు పెట్టించే పెద్దమనుషులందరికీ రాస్తున్నాను. మీలో కొందరు నాకు మావయ్య వరస, కొందరు తాత వరస. మీరు చేసేదంతా తప్పు అనడానికి రాయలేదు. కోర్టుకి వెళ్తే ఏళ్ళు పడుతుంది, వాయిదా పడిన ప్రతిసారీ ఆ రోజు కూలి పోతుంది, బస్సు చార్జీలు, వకీలు ఖర్చులు వేరే. అందుకే జనం మీ దగ్గరికి వస్తున్నారు, అది నాకు బాగా తెలుసు. మీరు రాయించే కాగితంలో ఒక్క వాక్యం గురించే నా గొడవంతా.

ఆ వాక్యం దాదాపు అన్ని కాగితాల్లోనూ ఒకేలా ఉంటుంది. "పాప పోషణ, చదువు, పెళ్ళి బాధ్యతలు ఇకమీదట తల్లివే. తండ్రి మీద గానీ, తండ్రి స్థిరచరాస్తుల మీద గానీ పాపకి ఏ విధమైన హక్కు భుక్తములూ లేవు." పాప బదులు బాబు అయితే బాబు అని ఉంటుంది, అంతే తేడా.

నేను 14 ఏళ్ళుగా కోర్టు ఎదురుగా ఒక టైపింగు సెంటర్లో పనిచేస్తున్నాను. పొద్దున్నించి సాయంత్రం దాకా పిటిషన్లు, అఫిడవిట్లు, నోటీసులు టైపు చేస్తూనే ఉంటాను. పెళ్ళి విడిపోయిన ఆడవాళ్ళు పాత కాగితాలు పట్టుకుని మా సెంటరుకి వస్తారు, పాలిథిన్ కవర్లో నాలుగు మడతలు పెట్టి, మడతల దగ్గర చిరిగిపోయి. విప్పకముందే అందులో ఏముంటుందో నాకు తెలిసిపోతుంది, ఎందుకంటే నా గురించి రాసిన కాగితం కూడా అలాంటిదే, అది ఇప్పటికీ మా ఇంట్లో ఇనప్పెట్టెలో ఉంది.

మాది పలాస పక్క ఊరు. నాకు ఆరేళ్ళప్పుడు మా అమ్మా నాన్నల తగువు మూడోసారి పెట్టారు. ఆ సాయంత్రం మందిరం దగ్గర పెట్రోమాక్సు లైటు వెలిగించారు. మా నాన్న చేతిలో నా కోసం తెచ్చిన పకోడీల పొట్లం ఉంది. పెద్దల్లో ఒకాయన నన్ను మధ్యలోకి పిలిచి, "ఏటే గుంటా, అమ్మ దగ్గరుంటావేటి, నాన్న దగ్గరుంటావేటి?" అని అడిగాడు. అరవై డెబ్భై మంది ఉంటారు, అందరూ నా వైపే చూస్తున్నారు. నేను పొట్లం వైపు చూశాను. ఎవరో నవ్వారు. నాకు భయమేసి అమ్మ చీర పట్టుకుని వెనక్కి పోయాను. "సరే, గుంట తల్లినే కోరుకుంది" అని అక్కడితో తేల్చేశారు. 20 వేలు, రెండు ఇత్తడి బిందెలు, పెళ్ళినాటి మంచం మా అమ్మకి. ఇంక నాకు తండ్రితో సంబంధం లేదు, తండ్రికి నాతో సంబంధం లేదు. అమ్మకి చదువు రాదు, చదివి వినిపించారో లేదో కూడా ఆమెకి గుర్తు లేదు. వేలిముద్ర వేయించుకున్నారు. వేశాక బొటనవేలికున్న సిరాని మందిరం స్తంభానికి తుడిచేసింది. మళ్ళీ సున్నం వేసేదాకా ఆ నీలం మరక అక్కడే ఉండేది, బడికి వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ చూసేదాన్ని.

ఆ 20 వేలు రెండేళ్ళు కూడా రాలేదు. తాతయ్య ఆసుపత్రి ఖర్చుకి సగం, పాత అప్పుకి మిగతా సగం. తరవాత అమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టడానికి కుదిరింది. జీడిపిక్క పెంకులో ఉండే రసం చేతులకి అంటితే చర్మం కాలి పొరలు పొరలుగా ఊడిపోతుంది, బూడిద రాసుకున్నా నూనె రాసుకున్నా పూర్తిగా ఆగదు. నన్ను డిగ్రీ దాకా ఆ చేతులతోనే చదివించింది. ఇప్పుడు రేషను డిపో దగ్గర మిషను మీద ఎన్నిసార్లు వేలు పెట్టినా ఆమె ముద్ర పడదు. ఆ రోజు మీ కాగితం మీద మాత్రం చక్కగా పడింది.

మా నాన్న అంతటి దుర్మార్గుడు కూడా కాదు. పెద్దలు సంబంధం లేదన్నారు కాబట్టి లేదనుకున్నాడు. పదో తరగతిలో ఉండగా ఒకసారి సంతలో ఎదురయ్యాడు, పక్కన ఆయన రెండో భార్య, ఆమె చంకలో పిల్లాడు. నన్ను గుర్తుపట్టాడు. అడుగు ముందుకి వేయబోయి ఆగిపోయి, ఉల్లిపాయల గుట్ట వైపు తిరిగి బేరం ఆడటం మొదలుపెట్టాడు. ఆయన ఆగిపోయింది ఆ కాగితానికి భయపడే అని నేను ఇప్పటికీ నమ్ముతున్నాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆ వాక్యం చట్టం ముందు చెల్లదు. 100 రూపాయల స్టాంపు కాగితం మీద రాసినా, నోటరీ ముద్ర వేయించినా, పదిమంది సాక్షి సంతకాలు పెట్టినా చెల్లదు. మొగుడూ పెళ్ళాలు విడిపోవడం వరకు, కొన్ని కులాల్లో పెద్దల సమక్షంలో తెగతెంపులు చేసుకునే ఆచారం పూర్వం నుంచీ ఉందని రుజువైతే దానికి హిందూ వివాహ చట్టం చోటిచ్చింది. ఆ మాట నేను కాదనను. కానీ పిల్లల పోషణ మొగుడికీ పెళ్ళానికీ మధ్య ఉన్న లెక్క కాదు. అది బిడ్డకి రావాల్సింది. బిడ్డకి రావాల్సిన దాన్ని తల్లి వదులుకుంటానన్నా వదులుకోలేదు, ఎందుకంటే అది ఆమె సొత్తు కాదు. తల్లికే లేని అధికారం ఇంక మీకెక్కడిది?

1956 నాటి హిందూ దత్తత, పోషణ చట్టం 20వ సెక్షనులో సూటిగా ఉంది: తండ్రి అయినా తల్లి అయినా బతికున్నంత కాలం తమ మైనరు పిల్లల్ని పోషించి తీరాలి, ఆ పిల్లలు పెళ్ళిలో పుట్టినా పెళ్ళి కాకుండా పుట్టినా సరే. ఆడపిల్ల అయితే పద్దెనిమిది నిండి మైనారిటీ తీరిపోయినా, తన కాళ్ళ మీద తాను నిలబడలేని స్థితిలో ఉంటే పెళ్ళయ్యేదాకా తండ్రి దగ్గర ఖర్చులు రాబట్టుకోవచ్చు. ఈ మాట 2020లో సుప్రీంకోర్టు మళ్ళీ గట్టిగా చెప్పింది. ఇక అందరికీ తెలిసిన మనోవర్తి కేసు, మనం ఇన్నాళ్ళూ 125 సెక్షను అని పిలిచేది, 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144 సెక్షను అయింది. నంబరు మారింది గానీ విషయం అదే. హిందువులైనా ముస్లిములైనా క్రైస్తవులైనా అందరికీ వర్తిస్తుంది. స్తోమతు ఉండి కూడా పిల్లల్ని పట్టించుకోని మనిషి చేత నెలనెలా డబ్బు కట్టించే సెక్షను అది. "వాడికి ఉద్యోగం లేదు కదమ్మా, ఏటి కడతాడు" అని మీరు తరచూ అంటారు. 2022లో సుప్రీంకోర్టు ఒక కేసులో దీనికే జవాబు చెప్పింది. ఒంట్లో సత్తువ ఉన్న మనిషి కూలి చేసైనా భార్యాపిల్లల్ని పోషించాల్సిందే అంది.

మా అమ్మ రోజుల్లో మనోవర్తికి చట్టంలోనే ఒక పరిమితి ఉండేది, నెలకి 500 మించి ఇప్పించే వీలు లేదు. ఆ పరిమితిని 2001లో ఎత్తేశారు. ఆ తక్కువ లెక్కనే చూసినా నాకు ఆరేళ్ళ నుంచి పద్దెనిమిది వచ్చేదాకా 12 ఏళ్ళకి 72 వేలు అవుతుంది. మీరు ఇప్పించింది 20 వేలు, అదీ అమ్మకి ఇచ్చిన కట్నంలో తిరిగొచ్చిన వాటా అని కాగితంలో రాసుంది. అంటే నా పేరు మీద ఒక్క రూపాయి కూడా రాయలేదు.

ఇప్పటి సంగతి చూడండి. మొన్నామధ్య నా దగ్గరికొచ్చిన ఒకమ్మాయి కాగితంలో, మూడేళ్ళ పాపకి "సంపూర్ణ పోషణ నిమిత్తం" ఒక లక్ష ఏకమొత్తంగా ఇచ్చినట్టు ఉంది. అక్కడున్న అందరికీ లక్ష చాలా పెద్దదిగా కనిపించి ఉంటుంది, కట్టలు కట్టలుగా బల్ల మీద పెడతారు కదా. ఆ పాపకి పద్దెనిమిది రావడానికి 15 ఏళ్ళు, అంటే 180 నెలలు. లక్షని 180తో భాగిస్తే నెలకి 555 రూపాయలు. రోజుకి 18 రూపాయల చిల్లర. అర లీటరు పాల ప్యాకెట్టు కూడా రాదు. మీ ఇంట్లో మనవరాలికి రోజుకి ఎంతవుతుందో ఒక్కసారి లెక్క వేసుకుని ఆ పెన్ను ముట్టుకోండి. ఆ అమ్మాయికి నేను కాలిక్యులేటర్లో చూపిస్తే, "అక్కా, లక్షంటే చాలా అనుకున్నాను" అని అలాగే కూర్చుండిపోయింది.

వలసల సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. మన మగవాళ్ళు చెన్నైలో, హైదరాబాదులో బిల్డింగు పనులకి పోతారు, మత్స్యకారులు గుజరాత్‌లో వెరావల్ దాకా పోతారు, కొందరు గల్ఫుకి పోతారు. అక్కడికి పోయాక ఫోను నంబరు మార్చేసి ఇంటికి డబ్బు పంపడం ఆపేసేవాళ్ళు ఉన్నారు. అలాంటి తగువు వచ్చినప్పుడు "మనిషే లేడు, మేమేం చేస్తాం" అని చేతులెత్తేస్తారు. మనిషి దొరక్కపోయినా ఆ పిల్లకి దారి మూసుకుపోదు. మనోవర్తి పిటిషను ఆ ఆడమనిషి ఉంటున్న చోటే వేసుకోవచ్చు, మొగుడు పనిచేసే ఊరికి పోనక్కరలేదు. కావాలని నోటీసు తీసుకోకుండా తప్పించుకుంటున్నాడని కోర్టుకి నమ్మకం కుదిరితే అతను లేకుండానే విచారణ నడిపి ఆర్డరు ఇవ్వొచ్చు. 2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ఇద్దరూ తమ ఆస్తులూ ఆదాయాలూ అప్పులూ అఫిడవిట్ రూపంలో కోర్టుకి ఇవ్వాలి, మనోవర్తి పిటిషను వేసిన రోజు నుంచే లెక్క కట్టాలి. ఆర్డరు అయ్యాక కూడా కట్టకపోతే ఆస్తి జప్తు చేసి రాబట్టవచ్చు, అప్పటికీ కట్టకపోతే బకాయి ఉన్న ఒక్కో నెలకీ నెల రోజుల దాకా జైలు. జైలుకి పోయొచ్చాను కాబట్టి బాకీ తీరిపోయింది అనుకుంటారు చాలామంది, తీరదు, అది కూడా సుప్రీంకోర్టు 1989లోనే తేల్చేసింది. ఒక్క జాగ్రత్త మాత్రం ఆ ఆడవాళ్ళకి మీరు తప్పకుండా చెప్పాలి: బకాయి పడిన ఏడాది లోపల కోర్టుని అడగాలి, "ఎప్పటికైనా ఇస్తాడులే" అని ఊరుకుంటే ఈ దారిలో రాబట్టే వీలు పోతుంది. ఇలా పోగొట్టుకున్న వాళ్ళని చేతి వేళ్ళు చాలనంత మందిని చూశాను.

ఈ మధ్య కొత్తగా ఇంకో మాట వినిపిస్తోంది. "తల్లికి వందనం డబ్బులు తల్లి ఖాతాలోనే పడుతున్నాయి కదా, ఇంక తండ్రెందుకు ఇవ్వాలి?" అని. 2025లో ప్రభుత్వం పిల్లకి 15 వేలు చొప్పున లెక్కగట్టి అందులో 13 వేలు తల్లి ఖాతాలో వేసింది, నిజమే. అది పిల్లలు బడి మానకుండా ఉండటానికి ప్రభుత్వం ఇచ్చేది. అది తండ్రి బాధ్యతలో తగ్గింపు ఎలా అవుతుంది? బడిలో మధ్యాహ్న భోజనం పెడుతున్నారు కాబట్టి ఇంట్లో అన్నం పెట్టక్కరలేదు అన్నట్టుంది. మీ తగువులో ఎవరైనా ఈ మాట ఎత్తితే వెంటనే ఆపండి.

తండ్రుల మీదే రాస్తున్నానని అనుకోకండి. మారుమనువు చేసుకుని పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలేసి, ఆ తరవాత పండక్కి కూడా రాని తల్లులు ఉన్నారు. అమ్మమ్మకి పింఛను తప్ప వేరే ఆధారం ఉండదు, ఆ పింఛనులోనే మనవడి చెప్పులూ మందులూ అన్నీ. పైన చెప్పిన 20వ సెక్షను ఆ తల్లికి కూడా వర్తిస్తుంది. అలాగే తండ్రి మనస్ఫూర్తిగా చూడాలనుకుంటే "పిల్లాడి మొహం చూడటానికి వీల్లేదు" అని కాగితంలో రాయించే పుట్టింటివాళ్ళు ఉన్నారు, మీరు రాసేస్తున్నారు. ఆ రోజు సంతలో మా నాన్న నాతో రెండు మాటలు మాట్లాడి, ఒక జాంపండు కొనిచ్చి ఉంటే మా అమ్మకి జరిగే నష్టమేమీ లేదు. పిల్లల్ని ఎవరి దగ్గర ఉంచాలి అన్నది తేల్చేటప్పుడు కోర్టు పిల్లల మేలు ఏమిటన్నదే ముందు చూస్తుంది. అయిదేళ్ళ లోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని 1956 మైనారిటీ, సంరక్షణ చట్టం చెప్పింది, ఊహ తెలిసిన పిల్లలైతే జడ్జి గారు వాళ్ళ మాట వింటారు, చాలా సార్లు తన గదిలోకి పిలిచి విడిగా అడుగుతారు. డెబ్భై మంది మధ్యలో నిలబెట్టి అడగడం ఇకనైనా మానండి. ఆ ప్రశ్న అడిగించుకున్న పిల్లగా చెబుతున్నాను, నాకు ఇప్పటికీ పదిమందిలో ఎవరైనా నన్ను పేరు పెట్టి పిలిస్తే ఒళ్ళు జల్లుమంటుంది.

ఆస్తి విషయం. "స్థిరచరాస్తుల మీద హక్కు భుక్తములు లేవు" అన్న ముక్క రాయడం మీకు అలవాటైపోయింది. తాతల నాటి ఉమ్మడి భూమిలో కొడుకుకి పుట్టుకతోనే వాటా వస్తుంది. మన ఆంధ్రలో అయితే 1985 సెప్టెంబరు నుంచి, పెళ్ళి కాని ఆడపిల్లలకి కూడా ఆ వాటా ఇచ్చారు, 2005లో దేశమంతా కూతుళ్ళందరికీ ఇచ్చారు. తల్లి వేలిముద్రతో ఆ వాటా ఎగిరిపోదు. తండ్రి సొంతంగా సంపాదించినదైతే అది ఆయన ఇష్టం, వీలునామా రాసుకోవచ్చు. రాయకుండా పోతే మాత్రం ఈ పిల్లకి, రెండో ఇంటి పిల్లలతో పాటు, సమానంగా వస్తుంది. ఇంకా ఒకటి, మైనరు పేరు మీద ఉన్న భూమిని కోర్టు అనుమతి లేకుండా అమ్మడానికీ తనఖా పెట్టడానికీ సొంత తల్లిదండ్రులకే అధికారం లేదు. అలా అమ్మేస్తే మేజరయ్యాక మూడేళ్ళ లోపు రద్దు చేయమని అడగొచ్చు. ఈ సంగతి ఆ పిల్లలకి ఎవరూ చెప్పరు. పద్దెనిమిదేళ్ళ కుర్రాడికి ఎలా తెలుస్తుంది?

బడి దగ్గర కూడా ఈ కాగితాలు అడ్డొస్తున్నాయి. ఏడాది మధ్యలో పిల్లని తీసుకుని పుట్టింటికి వచ్చేసిన ఒకమ్మాయిని ఒక సర్కారు బడిలో "తండ్రి ఆధార్ తే, టీసీ తే, పెద్దల కాగితం తే" అని మూడు వారాలు తిప్పారు. ఆ మూడు వారాలు పిల్ల అమ్మమ్మతో పాటు జీడితోటకి పోయింది. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. టీసీ ఆలస్యమైందనో, వయసు ధ్రువీకరణ పత్రం లేదనో సర్కారు బడిలో పిల్లని చేర్చుకోకుండా ఆపకూడదు. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లల్ని బడికి పంపడం తల్లిదండ్రుల విధి అని రాజ్యాంగంలోనే రాసుంది. తండ్రి లేని చోట తల్లే సంరక్షకురాలు అని 1999లో సుప్రీంకోర్టు చెప్పి పాతికేళ్ళు దాటింది. మీరు ఆ హెడ్మాస్టరు గారికి ఒక్క ఫోను చేస్తే పని అయిపోతుంది, మీ మాటకి ఊళ్ళో అంత విలువ ఉంది. ఆ విలువని ఇలాంటి చోట వాడండి.

ఇక్కడ ఒక మాట మెత్తగా చెప్పలేను. తండ్రి లేని పిల్ల, తల్లి ఒక్కతే ఎన్నాళ్ళు చూస్తుంది, పదహారు నిండాయి కదా మంచి సంబంధం ఉంది చేసేద్దాం అని మీరు ముందుండి పెళ్ళి చేయిస్తున్నారే, అది మేలు కాదు. 2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టం ప్రకారం పద్దెనిమిది నిండని అమ్మాయికి పెళ్ళి చేసినవాళ్ళకీ, చేయించినవాళ్ళకీ, ప్రోత్సహించినవాళ్ళకీ రెండేళ్ళ దాకా కఠిన జైలు, లక్ష దాకా జరిమానా. అందులో మీరు కూడా వస్తారు. ఇంకా ఘోరమైనది, ఒక పిల్ల మీద ఎవడైనా చేయి వేస్తే దాన్ని కూడా తగువుగా పెట్టి, ఇంత డబ్బు కట్టమనో, ఆ పిల్లనే వాడికిచ్చి పెళ్ళి చేయమనో తీర్పు చెప్పడం. పిల్లల మీద జరిగే లైంగిక నేరాల కోసం తెచ్చిన పోక్సో చట్టం 2012 నవంబరు నుంచి అమల్లో ఉంది. అలాంటిది జరిగిందని తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోతే ఆరు నెలల దాకా శిక్ష. రాజీ కుదర్చడానికి అందులో చోటే లేదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోను చేస్తే చాలు. మీ పరువు, ఊరి పరువు, ఆ ఇంటి పరువు ఏదీ ఆ పిల్ల కన్నా ముందు కాదు.

మరి ఏం చేయమంటావమ్మా అని అడుగుతారు. తగువులు తీర్చడం మానేయమని నేను అనను. మానేస్తే ఆ ఆడవాళ్ళకి ఉన్న ఒక్క చోటూ పోతుంది. ఆ వాక్యం రాయడం మాత్రం మానండి. దాని బదులు, పిల్లకి నెలకి ఇంత, ఏటా ఇంత పెరుగుతుంది, ఫలానా తేదీకి పిల్ల పేరు మీద తీసిన బ్యాంకు ఖాతాలో పడాలి, నెలలో ఫలానా రోజుల్లో తండ్రి వచ్చి చూడొచ్చు, బడి ఫీజూ జబ్బు ఖర్చూ ఎవరెంత అని రాయించండి. రాయించాక ఆ కాగితాన్ని బీరువాలో పెట్టేయకుండా న్యాయసేవాధికార సంస్థకి తీసుకెళ్ళండి. జిల్లా కోర్టు ఆవరణలో ఉంటుంది, మండల స్థాయి కమిటీలు కూడా ఉన్నాయి, 15100కి ఫోను చేసినా చెబుతారు. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్ళకీ పిల్లలకీ ఆదాయంతో పని లేకుండా వకీలుని ఉచితంగా పెడతారు. కేసు వేయకముందే లోక్ అదాలత్ ముందు మనోవర్తి రాజీ పెట్టించుకోవచ్చు, కోర్టు ఫీజు లేదు. అక్కడ ఆమోదం పడితే అది సివిలు కోర్టు డిక్రీతో సమానం, మాట తప్పితే అమలు చేయించుకోవచ్చు. మీరు కుదిర్చిన రాజీయే, మీ పేరే, దానికి బలం మాత్రం వస్తుంది. ఇప్పటి మీ కాగితానికి ఆ బలం లేదు. మాట తప్పిన మగవాడిని మీరు ఒకసారి పిలుస్తారు, రెండుసార్లు పిలుస్తారు, మూడోసారి అతను ఫోను ఎత్తడు, అక్కడితో అయిపోతుంది.

పాత కాగితాలు రాయించిన వాళ్ళకి ఇంకో మాట. పదేళ్ళ కిందట మీ చేతుల మీదుగా విడిపోయిన ఇళ్ళలో పద్దెనిమిది లోపు పిల్లలు ఇంకా ఉన్నారు. ఎవరెవరో మీకు గుర్తుండే ఉంటుంది. వాళ్ళ తల్లులని పిలిచి, ఆ రోజు రాసింది పిల్లకి అడ్డం కాదమ్మా, ఇప్పుడైనా అడగొచ్చు అని చెప్పండి. పెద్దలు రాశారు కాబట్టి ఇంక దారి లేదని వాళ్ళు నమ్ముతున్నారు. మా అమ్మ కూడా అలాగే నమ్మింది. నేను ఈ పనిలో చేరి, మొదటి మనోవర్తి పిటిషను టైపు చేసిన రోజు రాత్రి ఇంటికెళ్ళి ఆమెకి చెప్పాను. అప్పటికి నాకు ఇరవై దాటాయి. అన్నం తింటున్నదల్లా ఆపి, "అయితే అడిగుంటే వచ్చేదా?" అంది. అవునన్నాను. కాసేపటికి కంచం తీసుకుని లేచిపోయింది. ఆ తరవాత ఆ మాట మా ఇద్దరి మధ్యా మళ్ళీ రాలేదు.

వచ్చే ఆదివారం మా ఊరి మందిరం దగ్గర ఒక తగువు ఉందని తెలిసింది. పాపకి నాలుగేళ్ళు. నేను వస్తాను. ల్యాప్‌టాప్, ప్రింటరు తెచ్చుకుంటాను, కాగితం నేనే టైపు చేస్తాను, డబ్బు తీసుకోను. తల్లికీ తండ్రికీ ఇద్దరికీ గట్టిగా చదివి వినిపించాకే సంతకాలు పెట్టించండి. పాపని మాత్రం అక్కడికి తీసుకురావద్దు. మా అమ్మ ఇంటి దగ్గరే ఉంటుంది, ఆ సాయంత్రం తన దగ్గర ఆడుకోనివ్వండి.

ఇట్లు,
మీ ఊరి ఆడపిల్ల